గడువు దాటిన కారు

"నలభై నాలుగు వేలా? నేను రెన్యువల్‌కి వచ్చానండీ. కొత్త కారు కొనుక్కోడానికి కాదు."

కౌంటర్ అవతల కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. కంప్యూటర్ తెరను కొంచెం అతని వైపు తిప్పింది.

"పోయినేడు మీకు నో క్లెయిమ్ బోనస్ ఉంది. అందుకే ముప్పై ఒక్క వేలే అయింది. ఈ ఏడు ఆ బోనస్ లేదు. పైగా రేట్లు పెరిగాయి."

"బోనస్ ఎందుకు లేదు?"

"మీరు క్లెయిమ్ చేశారు కాబట్టి."

"క్లెయిమ్ చేసుకోడానికి కాదా మేడమ్ ఇన్సూరెన్స్ కట్టేది?"

"చేసుకోవచ్చండీ. చేసుకుంటే బోనస్ పోద్ది. అది రూలు."

"బావుందండీ. జబ్బు చేసిందని ఆసుపత్రికెళ్తే, జబ్బెందుకు చేసిందని ఫైన్ వేసినట్టుంది."

వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ వచ్చిన ప్రతివాడూ, రేట్లు పెంచింది తనే అన్నట్టు మాట్లాడుతున్నాడు.

"వరదొస్తాదని రెండ్రోజుల ముందు నుంచీ మైకులో చెప్పారు కదా. అందరూ బళ్ళు తీసుకెళ్ళి వంతెన మీద పెట్టుకున్నారు. మీరూ పెట్టుకునుంటే కారు మునిగేది కాదు, ఈ పదమూడు వేలూ మిగిలేవి."

అతని మొహంలో నవ్వు పోయింది. ఆమె తీసిచ్చిన కొటేషన్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ రోజు మా అమ్మకి డయాలసిస్ ఉందండీ. మధ్యాన్నం కాకినాడ తీసుకెళ్ళాలని కారు ఇంటి ముందే ఉంచాను. పదకొండింటికల్లా నీళ్ళు సీట్ల దాకా వచ్చేశాయి. మూడో రోజు పడవ మీద అమ్మని బయటికి తెచ్చాం. లాభం లేకపోయింది." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు చెబుతున్న క్లెయిమ్ అదేనండీ."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అతని పేరు సుదీప్. ఊరు యానాం దగ్గర కనకాలపేట. పసుపు బోర్డు కారొకటి ఉంది, దాన్ని తనే నడుపుకుంటాడు. యానాం నుంచి కాకినాడ ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళే అతనికి ఎక్కువ బాడుగలు. తల్లి కోసం వారానికి రెండుసార్లు తిరిగి తిరిగి ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు ఎన్నింటికి వస్తాడో అతనికి కంఠతా వచ్చేసింది. తల్లి పోయినా ఆ దారి మాత్రం వదల్లేదు.

ఆ అమ్మాయి సత్యశ్రీ. మెట్టకూరు నుంచి వస్తుంది. ఏజెంట్ ఉమామహేశ్వరం గారి ఆఫీసులో చేరి మూడేళ్ళయింది.

ఉమామహేశ్వరం గారు వచ్చాక జరిగింది చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ క్లెయిమ్ ఫారం రాయించింది నేనేనమ్మా. అప్పటికి తల్లి కర్మ కూడా అవ్వలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే, కారుకేగానీ మనిషికి లేదాండీ ఈ ఫారం అన్నాడు."

సత్యశ్రీ ఫైల్లోంచి అతని ఫోన్ నంబరు రాసుకుంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"సుదీప్ గారా? నేను ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచండీ."

"అప్పుడే ఇంకో వెయ్యి పెరిగిందా?"

"కాదండీ. నిన్న తెలీక నోరు జారాను. సారీ చెబుదామని."

అవతల కారు వైపర్ల శబ్దం వినిపించింది.

"మీ సారీకి జీఎస్టీ ఏవన్నా ఉందాండీ?"

సత్యశ్రీకి నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది. "లేదండీ. సాయంత్రం ఆఫీసుకి రండి. నాలుగు కంపెనీల రేట్లు తీసి పెడతాను. ఎక్కడన్నా తగ్గుద్దేమో చూద్దాం."

సాయంత్రం వాన మళ్ళీ మొదలైంది. ఆఫీసులో కరెంటు పోతే ఇద్దరూ కిందున్న టీ కొట్టు రేకుల కింద నిలబడ్డారు. సత్యశ్రీ కాగితాలు తడవకుండా వాటి మీద చున్నీ కప్పి ఒక్కొక్కటే చూపించింది.

"ఇందులో జీరో డెప్ తీసేస్తే మూడు వేలు తగ్గుద్ది. కానీ రేపు బంపర్ మారిస్తే సగం ఖర్చు మీదే. ఇదిగో, ఇందులో కారు విలువ తగ్గించి చూపిస్తారు. ప్రీమియం తగ్గుద్ది, కారు పోతే వచ్చేదీ తగ్గుద్ది."

"తీసేసినా నష్టం లేనిది ఏవన్నా ఉందాండీ?"

"ఉంది. మీ వెటకారం."

సుదీప్ టీ గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె గభాలున కాగితాల్లోకి తల దించుకుంది. రేకుల మీంచి కారిన చుక్క ఒకటి సరిగ్గా నలభై నాలుగు వేల మీద పడింది.

"అదైనా కరిగిపోద్దేమో చూడండి," అన్నాడు.

చివరికి ముప్పై ఎనిమిది వేలకు దింపింది. గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజుల్లో అతను ఏదో ఒక పని పెట్టుకుని ఆరుసార్లు ఆఫీసుకొచ్చాడు. ఆధార్ జిరాక్సుకి ఒకసారి, ఆర్సీ కార్డుకి ఒకసారి, ఆర్సీ ఇచ్చానో లేదో కనుక్కోవడానికి ఇంకోసారి.

"మీరు ఇంత పట్టించుకుంటున్నారు. కమీషన్ ఎక్కువొస్తాదా?" అని అడిగాడొకసారి.

"నాకు జీతమేనండీ." ఆమె అతని ఫైలు మూసింది. "మా నాన్నగారికి యాక్సిడెంట్ అయ్యింది. మంచంలోనే ఉంటారు. మిగతాది ఇంకోసారి చెబుతాను. మీరు మాత్రం గడువు దాటనివ్వకండి."

సుదీప్ తల ఊపాడు. దాటనివ్వకూడదనే అతనూ అనుకున్నాడు. కానీ ఆ నెలలోనే తల్లి సంవత్సరీకం వచ్చింది. దాచుకున్నది దానికి సరిపోయింది. ఎడతెగని వానల్లో బాడుగలు సగానికి పడిపోయాయి. బండి ఆపితే తిండి లేదు, బండి నడపకుండా ప్రీమియం రాదు. ఒక్క వారం ఓపిక పడితే ఏమవుద్ది అనుకున్నాడు. ఇన్నేళ్ళలో తన బండి ఎవరికీ తగల్లేదు కదా.

గడువు రోజున సత్యశ్రీ ఫోన్ చేసింది.

"ఈ రోజే ఆఖరు. వస్తున్నారా?"

"నెట్‌లో కట్టేశానండీ. వేరే కంపెనీలో ముప్పై ఆరుకే వచ్చింది." అంత తేలిగ్గా తన నోట అబద్ధం వస్తుందని అతనికే తెలియదు.

"అయితే మా ఏజెన్సీకి చెయ్యిచ్చారన్నమాట!" ఆమె గొంతులో కోపం లేదు. బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. "పోనీలెండి. ఎక్కడో అక్కడ కట్టారు. నాకదే చాలు."

కాగితం చూపించమని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత ఇద్దరూ అనుకున్నారు.

ఐదో రోజు ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. "రేపు నాన్నని కాకినాడ చెకప్‌కి తీసుకెళ్ళాలి. ఆటోలో కుదుపులకి ఆయన ఓర్చుకోలేరు. మీరు వస్తారా?"

రానని చెప్పడానికి అతని దగ్గర చాలా కారణాలు ఉండాల్సింది. ఒక్కటీ నోటికి రాలేదు.

"వత్తానండీ," అన్నాడు.

మెట్టకూరులో వాళ్ళది చిన్న డాబా. సత్యశ్రీ తల్లి నాగమణి తలుపు తీసి పక్కకు జరిగింది. మంచం మీద వెంకటేశ్వరరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఒకప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్. ఇప్పుడు నడుం కింద ఆయనకు ఏ స్పర్శా తెలియదు. సుదీప్ ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని కార్లో కూర్చోబెట్టాడు. మనిషి మరీ తేలిగ్గా ఉన్నారు. ఆఖరి నెలల్లో తల్లీ అలాగే ఉండేది.

దారంతా సన్నగా జల్లు పడుతోంది. వెనక సీట్లో తండ్రి పక్కన కూర్చున్న సత్యశ్రీ అద్దంలో కనిపించినప్పుడల్లా సుదీప్ చూపు తిప్పుకున్నాడు. ఆమె దాన్ని సిగ్గనుకుంది.

కోరంగి దాటాక రోడ్డు మలుపు తిరిగింది.

"ఇక్కడే బాబూ," అన్నారు వెంకటేశ్వరరావు గారు.

"ఏంటండీ?"

"నన్ను గుద్దింది. డ్యూటీ దిగి మోపెడ్ మీద వస్తున్నాను. ఎదర నుంచి కారు. తప్పు కారోడిదేనని కోర్టు కూడా చెప్పింది. ఇమ్మని తీర్పు కూడా ఇచ్చింది. కానీ ఇచ్చేదెవరు? ఆ కారు ఇన్సూరెన్స్ అయిపోయి పదకొండు రోజులైందంట."

సుదీప్ వైపర్ల వేగం పెంచాడు.

"నాన్నా, ఇప్పుడెందుకవన్నీ," అంది సత్యశ్రీ.

"చెప్పనీయవే. వాడేం చెడ్డోడు కాదు బాబూ. ఉన్నదమ్మి రెండు నెలలు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. తర్వాత వాడి దగ్గరా లేదు. వచ్చి నా కాళ్ళు పట్టుకుని ఏడిసేవాడు. నా కాళ్ళకి తెలిసేది కాదు, నాకు తెలిసేది. రేపు కడదాం, ఎల్లుండి కడదాం అనుకున్నాను బాబాయ్ అనేవాడు. మా సత్య పైచదువు మానేసి ఆ ఆఫీసులో కూర్చుంది అందుకే. ఇంకెవడికీ అలా అవ్వకూడదంట."

కారు నెమ్మదించింది. రోడ్డు పక్కకు వెళ్ళి ఆగింది. సుదీప్ ఇంజన్ ఆపేశాడు.

"ఏమైందండీ? టైరా?" అంది సత్యశ్రీ.

"నాదీ అయిపోయిందండీ," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఆరు రోజులైంది. నేను కట్టలేదు. మీకు అబద్ధం చెప్పాను."

సత్యశ్రీ తలుపు తీసుకుని దిగింది. సుదీప్ కూడా దిగాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"కట్టలేకపోయానని చెప్పుంటే నేనేమన్నా అనేదాన్నా? నాతో అబద్ధం చెప్పారు, సరే. మా నాన్నని ఎక్కించుకున్నారు. ఇదే రోడ్డు మీద."

"తప్పేనండీ."

"ఇంకేం మాట్లాడకండి."

ఆమె చెయ్యెత్తి ఒక ఆటోను ఆపింది. సుదీప్ మళ్ళీ వెంకటేశ్వరరావు గారిని ఎత్తుకుని వానలో ఆటో దాకా మోశాడు. ఆయన అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, కూతురికి వినపడకుండా, "ఆపి చెప్పావు కదరా," అన్నారు. ఆ ఒక్క మాటకే అతని కళ్ళు నిండాయి.

ఆటో కనుమరుగైంది. సుదీప్ ఇంక స్టార్ట్ చెయ్యకుండా, దగ్గర్లోని మెకానిక్ షెడ్డు దాకా కారును తోయించుకుని వెళ్ళి, అక్కడ పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చాడు.

తర్వాత ఐదు వారాలు అతను దరియాలతిప్ప దగ్గర చెరువుల్లో రొయ్యలు పట్టే కూలిపనికి వెళ్ళాడు. పొద్దంతా నడుంలోతు నీళ్ళలో వలలు లాగడం, రొయ్యలు ఏరడం, ఐసు కొట్టి పెట్టెలు నింపడం. రొయ్య ముళ్ళు గుచ్చుకుని వేళ్ళన్నీ వాచిపోయాయి. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడి చూసేవాడు. ఆమె చెయ్యలేదు. చెయ్యడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆరో వారం ఆఫీసు మెట్లెక్కాడు. సత్యశ్రీ తలెత్తి చూసింది. ముందు అతన్ని, తర్వాత అతని చేతుల్ని.

"గడువు దాటింది కాబట్టి బండి చూసి ఫొటోలు పంపితేనే పాలసీ ఇస్తారు," అంది, ఎవరో కొత్త మనిషితో చెప్పినట్టు. "రేపు వస్తాను."

మర్నాడు ఆమె షెడ్డుకొచ్చి కారు చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసింది. ముందు, వెనక, పక్కలు, ఇంజన్ నంబరు. సుదీప్ ఆమె అడిగినప్పుడల్లా తలుపులు తీశాడు, మూశాడు. ఫారం మీద ఒకచోట ఆమె పెన్ను ఆగింది.

"ఎక్కే ప్యాసింజర్లకి కూడా ఈ అదనపు కవర్ పెట్టమన్నారేంటి? ఇది కంపల్సరీ కాదు. ప్రీమియం పెరుగుద్ది."

"తెలుసండీ. పెట్టండి."

ఆమె టిక్ పెట్టింది. వెళ్తూ వెళ్తూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆయింట్‌మెంట్ ట్యూబు ఒకటి తీసి కారు బానెట్ మీద పెట్టింది. అతను పలకరించేలోగా బస్సెక్కేసింది.

పాలసీ వచ్చిన పది రోజులకు, తెల్లారుతుండగా ఆమె ఫోన్ చేసింది.

"నాన్నకి జ్వరం. వీపు పుండ్లు లోపలికి పాకేశాయి. మనిషి పలకట్లేదు. రండి."

అతను వెళ్ళాడు. కోరంగి మలుపు దాటాకే వేగం పెంచాడు.

పన్నెండు రోజులు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. మూడో రోజుకి వెంకటేశ్వరరావు గారికి తెలివొచ్చింది. సుదీప్ రోజూ కనిపించేవాడు. ఒక రోజు టిఫిన్ తెచ్చేవాడు, ఒక రోజు మందులు. ఏ బిల్లు ఏ కౌంటర్లో కట్టాలో, ఏ నర్సు విసుక్కోకుండా చెబుతుందో అతనికి తెలుసు. సత్యశ్రీ కొంచెం సేపు కునుకు తీస్తానంటే అతను మంచం పక్కన కూర్చునేవాడు. కళ్ళు మూసుకునే ముందు ఆమె ఒకసారి అడిగింది.

"మీ అమ్మగారు ఇక్కడేనా?"

"పై ఫ్లోరండీ."

"మరి రోజూ ఎలా రాగలుగుతున్నారు?"

"ఇక్కడ ఒక్కరే కూర్చోవడం ఎలా ఉంటదో తెలుసు కాబట్టి."

ఆమె చెయ్యి చాచి అతని చిటికెన వేలు పట్టుకుంది. ఆ వేలి మీద గాయం ఇంకా పూర్తిగా మానలేదు. అలాగే నిద్రపోయింది.

పదమూడో రోజు డాక్టరు ఆమెను బయటికి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

యానాం వచ్చాక, గోదావరి గట్టు మీద కాసేపు ఆపమన్నారు వెంకటేశ్వరరావు గారు. సుదీప్ ఆయన వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. నది మీద వాన, అవతలి ఒడ్డు కనిపించనంతగా, తెల్లగా కురుస్తోంది.

"బాబూ, రోజూ ఆసుపత్రికి వచ్చావే. బాడుగలుండే వచ్చావా?"

"మొదటి రోజు ఉందండీ."

"మిగతా రోజులు?"

సుదీప్ నేల చూపులు చూశాడు. "ఆయ్... లేవండీ."

"నాన్నా, మాట్లాడొద్దన్నారు డాక్టరు."

"ఇంటికి పట్టుకుపొమ్మన్నాడు కదే. ఇంక ఆయన మాట మనకెందుకు." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "ఏవయ్యా, మా సత్యని అడగాలనుంటే ఇప్పుడే అడుగు. నేనుండగా అడిగితే, సరే అనడానికో, ఎల్లెల్లవయ్యా అనడానికో ఇంట్లో ఒక పెద్దోడుంటాడు."

సత్యశ్రీ కారు దిగి గట్టు అంచుకు వెళ్ళి నిలబడింది. సుదీప్ ఆమె పక్కకు వెళ్ళాడు. గొడుగు ఇద్దరి దగ్గరా లేదు.

"అడగడానికి నోరు రావట్లేదండీ," అన్నాడు. "మీకు అబద్ధం చెప్పినోణ్ణి. అది పోయేది కాదు. కానీ టీ కొట్టు దగ్గర కాగితాలకి చున్నీ కప్పి నిలబడ్డారు చూడండి, ఆ రోజు నుంచీ మీరంటే ఇష్టం. ఇది మాత్రం నిజం."

ఆమె నది వైపు తిరిగింది.

"ఆ రోజు కారు ఆపకుండా కాకినాడ తీసుకెళ్ళి తీసుకొచ్చేసుంటే నాకెప్పటికీ తెలిసేది కాదు. రెండు నెలల నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. ఎందుకు ఆపారా అని. ఆపినందుకు క్షమించాలా, ఎక్కించుకున్నందుకు వదిలేయాలా అని." మొహం మీది వాన తుడుచుకుంది. "కోపం పోలేదు. ఇంకా ఉంది."

"ఉండనివ్వండి."

"కోపం ఉండగానే ఊఁ అంటే పర్లేదా?"

సుదీప్ తల ఊపాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది. కార్లోంచి వెంకటేశ్వరరావు గారు, "తడిసిపోతున్నారర్రా, రండి," అని పిలిచారు.

పెళ్ళి ఆ వచ్చే శుక్రవారమే, మెట్టకూరు ఇంట్లో, ఆయన మంచం పక్కనే జరిగింది. పీటలు అక్కడే వేశారు. ఉమామహేశ్వరం గారు సుదీప్ వైపు పెద్దగా నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు తప్ప ఇంకెవరూ లేరు. ఆ తర్వాత వెంకటేశ్వరరావు గారు పందొమ్మిది రోజులే ఉన్నారు. పెళ్ళి రోజుకే ఆయనకు కూర్చునే శక్తి లేదు. నాగమణి వెనక నుంచి దిండ్లు పెట్టి లేపి కూర్చోబెట్టింది.

కన్యాదానం వేళ నాగమణి నీళ్ళు పోస్తుంటే, ఆయన కూతురి చేతిని సుదీప్ చేతిలో పెట్టారు. పెట్టాక తన చెయ్యి వెంటనే తీసుకోలేకపోయారు. తర్వాతి మంత్రం ఎత్తుకోబోయిన పంతులు గారు ఆయన మొహం చూసి ఆగిపోయారు. ఆయనంతట ఆయన తీసుకునేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.